24 జెండాల కోసం మాంట్రియల్ ప్రయాణం

ఈ మార్చి నెలలో మేము నలుగురం మిస్సిసాగా నుండి సుమారు 560 కిలోమీటర్లు కారులో వెళ్లింది, ఒక మంచు హాకీ జట్టు నూరేళ్లకు పైగా సంపాదించుకున్న గౌరవాలను కళ్లారా చూడాలని. మాంట్రియల్ బెల్ సెంటర్‌లో మంచు మైదానానికి పైన 24 జెండాలు వేలాడుతూ ఉంటాయి. ఒక్కొక్క జెండా మాంట్రియల్ కెనడియన్స్ జట్టు గెలిచిన ఒక్కొక్క స్టాన్లీ కప్‌కు గుర్తు. ఉత్తర అమెరికా మంచు హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో విజేతకు ఇచ్చే కప్ అది. ఆ జెండాలు ఏమాత్రం కనబడని చోట మమ్మల్ని కూర్చోబెట్టడానికి టికెట్లు తిరిగి అమ్మే ఒక వెబ్‌సైటు మా దగ్గర 790 డాలర్ల 40 సెంట్లు వసూలు చేసింది. ఇది రాయడానికి మొదటి కారణం ఆ మోసం. రెండవ కారణం, ఆ రాత్రి మాకు జరిగిన అన్యాయాన్ని చూసి ఊరుకోలేకపోయిన ఒక పెద్దాయన.

మా అమ్మాయికి పదకొండేళ్లు. మూడేళ్లుగా మా పేటలోని రింక్‌లో హాకీ ఆడుతోంది. చుట్టూ అందరూ టొరంటో జట్టు అభిమానులే అయినా, తనకు నచ్చింది మాత్రం కెనడియన్స్. తెనాలి నుండి మా దగ్గరకు వచ్చిన మామగారు ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మంచు మీద ఆడే ఈ ఆట గురించి ఆయనకు ఏమీ తెలియదు. మనవరాలు అడిగింది కాబట్టి వచ్చారు. మా ఆవిడకు ఈ ప్రయాణం మొదటి నుండీ ఇష్టం లేదు. ఆ చలిలో ముసలాయనను తిప్పడం ఎందుకని బయలుదేరే ముందు రోజు వరకు వాదించింది.

మాంట్రియల్ వెళ్లడానికి ముందు వారం టొరంటోలోని హాకీ మ్యూజియం, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌ను చూశాం. ఇది సరైన వరుస అని నా గట్టి అభిప్రాయం. మొదట టొరంటో చూడాలి, తరువాతే మాంట్రియల్. యూనియన్ స్టేషన్ నుండి కాలినడకన వెళ్లగలిగే దూరంలో, యాంగ్ వీధి, ఫ్రంట్ వీధి కలిసే మూలలో ఉన్న ఆ భవనం 1885లో బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ శాఖగా కట్టినది. లోపలికి దారి మాత్రం పక్కనే ఉన్న బ్రూక్‌ఫీల్డ్ ప్లేస్ కింది అంతస్తు నుండి ఉంటుంది. రంగు అద్దాల గుమ్మటం కింద, ఒకప్పుడు ఖాతాదారులు నిలబడిన హాలులో, ఇప్పుడు లీగ్ ఇచ్చే ట్రోఫీలన్నీ అద్దాల పెట్టెల్లో వరుసగా ఉన్నాయి. స్టాన్లీ కప్ కూడా అక్కడే ఉంది. దానిని ఎవరైనా చేత్తో తాకవచ్చు, పక్కన నిలబడి ఫోటో తీయించుకోవచ్చు.

మా ఆవిడ తాకింది, నేను తాకాను, మామగారు రెండు చేతులతో తాకి కళ్లకద్దుకున్నారు. అమ్మాయి మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయింది. గెలవాలని ఆశపడే ఆటగాళ్లు గెలవక ముందు దానిని ముట్టుకోకూడదని హాకీలో ఒక నమ్మకం ఉంది. ఎంత బతిమాలినా తాకలేదు. "నేను ఆడేదాన్ని కదా, తాతయ్యా" అని మాత్రం అంది.

మామగారికి అసలైన ఆనందం ఆ హాలు పక్కనున్న పాత బ్యాంకు స్ట్రాంగ్ రూమ్‌లో దొరికింది. దాని బరువైన ఉక్కు తలుపును చూడగానే ఆయన నడక మారింది. గొళ్లేలు ఎలా పడతాయో, రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఎందుకు ఉండాలో మనవరాలికి పావుగంట సేపు చెప్పారు. ఆ గదిలో ఉన్నది, కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ 1892లో ఇచ్చిన అసలు వెండి గిన్నె. మొదటిసారి 1893లో దానిని అందుకున్నది కూడా మాంట్రియల్ జట్టే కానీ, అది వేరే జట్టు. కెనడియన్స్ పుట్టింది 1909 డిసెంబరులో.

ఆ గదిలోనే పాత పట్టీలు కూడా ఉన్నాయి. స్టాన్లీ కప్ కింది భాగం చుట్టూ ఐదు వెడల్పాటి వెండి పట్టీలు ఉంటాయి, వాటిపై గెలిచిన జట్ల ఆటగాళ్ల పేర్లు చెక్కుతారు. చోటు నిండినప్పుడు అన్నిటికంటే పాత పట్టీని తీసి ఈ గదిలో భద్రపరచి, కింద కొత్త పట్టీ అమరుస్తారు. 2018లో అలా తీసిన పట్టీ 1954 నుండి 1965 వరకు గెలిచిన జట్లది. కెనడియన్స్ వరుసగా ఐదు సార్లు, 1956 నుండి 1960 వరకు, గెలిచిన పేర్లన్నీ దానిపైనే ఉన్నాయి. ఆ ఐదింటి వరుసను ఇంకే జట్టూ అందుకోలేదు. ఎనిమిది సార్లు గెలిచిన మారీస్ రిషార్ పేరు ఇప్పుడు ఊరూరా తిరిగే కప్ మీద ఎక్కడా లేదు. ఆ సంగతి చదివినప్పుడు అమ్మాయి కళ్లు నీళ్లతో నిండాయి. అదే పట్టీ మీద గోలీ (గోలు కాపాడే ఆటగాడు) జాక్ ప్లాంట్ పేరులో అక్షరాలు తప్పుగా పడ్డాయి, అదీ పలు సంవత్సరాల్లో, పలు విధాలుగా. మామగారు దీనికి నిజంగా బాధపడ్డారు. పేరులో ఒక అక్షరం తేడా వచ్చినందుకు పింఛను ఆగిపోయిన మనుషులను ఆయన కౌంటరు వెనుక నుండి ఎన్నోసార్లు చూశారట.

ట్రోఫీల గది ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఒక జట్టు గెలుచుకున్న బహుమతులను లెక్కపెట్టడం ఒక పద్ధతి. లీగ్ అంతటికీ ఇచ్చే బహుమతుల పేర్లలో ఆ జట్టు మనుషులు ఎందరున్నారో చూడడం మరొకటి. నాకు రెండవదే గొప్పగా తోచింది. ఉత్తమ గోలీకి ఇచ్చే వెజినా ట్రోఫీ, 1926లో క్షయతో మరణించిన కెనడియన్స్ గోలీ జార్జ్ వెజినా జ్ఞాపకార్థం ఆ జట్టు యజమానులే లీగ్‌కు ఇచ్చినది. అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీని ఇచ్చిన డాక్టర్ డేవిడ్ హార్ట్, తరువాత ఈ జట్టుకు శిక్షకుడైన సెసిల్ హార్ట్ తండ్రి. ఎక్కువ గోల్స్ చేసినవారికి 1999 నుండి ఇస్తున్న బహుమతి మారీస్ రిషార్ పేరుతో ఉంది. 1944-45లో 50 ఆటల్లో 50 గోల్స్ చేసిన మనిషికి అంతకంటే తగిన గౌరవం లేదు. రక్షణలో మేటి అయిన ముందు వరుస ఆటగాడికి ఇచ్చే సెల్కీ ట్రోఫీకి ఆ పేరు వచ్చింది జట్టు మేనేజరుగా పనిచేసిన ఫ్రాంక్ సెల్కీ నుండి. దానిని మొదటి నాలుగేళ్లూ, 1978 నుండి 1981 వరకు, వరుసగా గెలిచింది కెనడియన్స్ ఆటగాడు బాబ్ గేనీయే. ప్లేఆఫ్స్‌లో, అంటే మామూలు ఆటల తరువాత కప్ కోసం జరిగే పోటీల్లో, ఉత్తమ ఆటగాడికి ఇచ్చే కాన్ స్మైత్ ట్రోఫీని 1965లో తొలిసారి అందుకున్న జాన్ బెలివో కూడా ఈ జట్టువాడే. కెన్ డ్రైడెన్ అనే గోలీ, లీగ్‌లో కేవలం ఆరు మామూలు ఆటలు ఆడిన తరువాత 1971లో అదే ట్రోఫీ గెలిచి, ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్‌ను ఆ మరుసటి ఏడు అందుకున్నాడు. డ్రైడెన్ తరువాత ఈ జట్టులో కాల్డర్ అందుకున్న ఆటగాడు లేన్ హట్సన్, అది 2025లో. మా అమ్మాయి చొక్కా వెనుక ఉన్న పేరు ఆ అబ్బాయిదే.

ప్రయాణం సాఫీగా సాగింది. పెట్రోలుకు రానూపోనూ 131 డాలర్లు అయ్యాయి, రెండు రాత్రుల బసకు 318 డాలర్లు, గది శుభ్రంగా ఉంది. దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లాం.

మాంట్రియల్‌లో మధ్యాహ్నం పూట అట్‌వాటర్ మెట్రో దగ్గరున్న పాత ఫోరమ్‌కు వెళ్లాం. 1926 నుండి 1996 మార్చి 11 వరకు జట్టు సొంత మైదానం అది. ఇప్పుడు సినిమా హాళ్లున్న వాణిజ్య భవనం. నాకు అంతగా తృప్తి కలగలేదు, అరగంట చాలు. బెల్ సెంటర్ బయట ఉన్న నాలుగు కంచు విగ్రహాలకు మాత్రం తీరిక చేసుకోవాలి. హౌవీ మోరెంజ్, రిషార్, బెలివో, గీ లాఫ్లూర్. మోరెంజ్ 1937లో ఆటలో కాలు విరిగి, కొన్ని వారాలకే ఆసుపత్రిలో చనిపోతే, అంత్యక్రియల ప్రార్థన ఫోరమ్‌లోనే జరిగింది. ఆ కథ విన్న తరువాత మా ఆవిడ చలి మాట ఎత్తలేదు.

ఇక సీట్ల సంగతి. ఒక్కొక్క టికెట్టు 168 డాలర్లు, నలుగురికి 672. చివరి తెరలో కలిపిన సేవా రుసుము 118 డాలర్ల 40 సెంట్లు. "పూర్తి దృశ్యం" అని స్పష్టంగా రాసి ఉన్న సీట్లవి. తీరా వెళ్లి కూర్చుంటే, కింది అంతస్తు చివరి వరుసలో, పై అంతస్తు ముందుకు పొడుచుకొచ్చిన చోట ఉన్నాం. మంచు బాగానే కనబడింది. నడిమి స్కోరుబోర్డు సగానికి తెగిపోయింది. జెండాలు ఒక్కటి కూడా కనబడలేదు. మామగారు మెడ వంచి, నడుము వంచి, చివరకు ముందు సీటు పట్టుకుని కిందికి కుంగి చూశారు, పై అంతస్తు సిమెంటు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన ఒక్క మాట కూడా ఫిర్యాదు చేయకుండా "ఆట చూద్దాంలే బాబూ" అన్నప్పుడు నాకు దుఃఖం వచ్చింది. టికెట్లు కొన్నది నేనే. మా ఆవిడ నా వైపు చూడడం మానేసింది.

మా వరుస చివర మెట్ల దగ్గర నిలబడి దారి చూపే ఉద్యోగి ఒకాయన ఇదంతా గమనించాడు. డెబ్బై ఏళ్లకు దగ్గరగా ఉంటాడు. ఫ్రెంచి యాసతో, కొద్దిపాటి ఇంగ్లీషులో, ఏమి వెతుకుతున్నారని అడిగాడు. జెండాల కోసం వచ్చామని అమ్మాయి తనకు బడిలో వచ్చిన ఫ్రెంచిలోనే చెప్పింది. ఆయన మా టికెట్లు చూసి తల అడ్డంగా ఊపి, మొదటి పీరియడ్ (ఆటలోని మూడు భాగాల్లో మొదటిది) అయ్యాక తన దగ్గరకు రమ్మన్నాడు. 18 నిమిషాల విరామంలో మమ్మల్ని లిఫ్టులో పై అంతస్తుకు తీసుకువెళ్లి, చివరి వరుస వెనుక జనం నడిచే చోట నిలబెట్టాడు.

అక్కడ జెండాలు దాదాపు మా కళ్ల ఎత్తులో ఉన్నాయి. ఆ భవనంలో ఈ జట్టు చిన్నా చితకా విజయాలకు జెండా కట్టదు. స్టాన్లీ కప్ గెలిస్తేనే కడుతుంది. 1916 నుండి 1993 వరకు 24. వాటితో పాటు ఇక ఎవరికీ ఇవ్వకుండా విశ్రాంతినిచ్చిన 15 చొక్కా నంబర్లు, 18 మంది ఆటగాళ్లవి. 5, 12, 16 నంబర్లను ఇద్దరిద్దరు పంచుకున్నారు. 16 వేసుకున్న ఆన్రీ రిషార్, ఆటగాడిగా 11 స్టాన్లీ కప్‌లు గెలిచిన ఒకే ఒక్క మనిషి. టొరంటోలో పట్టీ విప్పి గదిలో పెట్టిన 1956, 57, 58, 59, 60 ఇక్కడ పక్కపక్కనే వేలాడుతుంటే అమ్మాయి వేలితో చూపిస్తూ చదివింది. 1919కి జెండా లేదు. ఆ ఏడు సియాటిల్‌లో ఫైనల్ జరుగుతుండగా ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించి ఆట ఆగిపోయింది, కెనడియన్స్ ఆటగాడు జో హాల్ అక్కడే ప్రాణం విడిచాడు. కప్ మీద మాత్రం రెండు జట్ల పేర్లూ వేసి, ఆట పూర్తి కాలేదని చెక్కారు. కొవిడ్‌లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మామగారు ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నారు.

తరువాత ఆయన జెండాలను ఎడమ నుండి కుడికి లెక్కపెట్టారు. మళ్లీ కుడి నుండి ఎడమకు లెక్కపెట్టి, సరిపోయాయని చెప్పారు. ఆ ఉద్యోగి 1993లో తాను ఫోరమ్‌లోనే పనిచేశానని, ఆ ఏడు ప్లేఆఫ్స్‌లో అదనపు సమయానికి వెళ్లిన ఆటలు వరుసగా పది గెలవడం చూశానని, గోలీ పాట్రిక్ రువా పేరు చెప్పేటప్పుడు చేయి గుండె మీద పెట్టుకుని చెప్పాడు. నేను ఇవ్వబోయిన 20 డాలర్లు తీసుకోలేదు. మా అమ్మాయి చేతికి తన జేబులోని ఒక చిన్న బ్యాడ్జి బిళ్ల ఇచ్చి, మా మెట్ల వరకు దింపి వెళ్లాడు.

టికెట్లు అమ్మిన వెబ్‌సైటుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ ఒకసారి అమ్మితే అదే తుది అన్న ఒకే జవాబు వచ్చింది. కాబట్టి వెళ్లేవారికి నేను చెప్పేది ఇది. తిరిగి అమ్మేవారి దగ్గర కొనవలసి వస్తే "పూర్తి దృశ్యం" అన్న మాటను నమ్మకండి, వరుస నంబరు అడగండి. కింది అంతస్తు చివరి వరుసలు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. జెండాలే ముఖ్యమైతే పై అంతస్తులో కొనండి, అక్కడ మంచు కొంచెం చిన్నగా కనబడినా పైకప్పు అంతా మీదే. ఆట మొదలయ్యే గంట ముందు తలుపులు తెరవగానే లోపలికి వెళ్లి, జనం నిండకముందే చూసుకోండి. పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్తే మెట్లు నిటారుగా ఉంటాయని ముందే చెప్పండి, లిఫ్టు ఎక్కడుందో ద్వారం దగ్గరే అడిగి తెలుసుకోండి.