బీటెక్ అయ్యాక బ్యాంకు పీవోనా, గ్రూప్-1నా? ఏది మేలు?

బీటెక్ పట్టా చేతికొచ్చింది. కోడింగ్ మీద మనసు లేదు, చదివిన బ్రాంచికి తగ్గ కోర్ కంపెనీల నుంచి పిలుపు రాలేదు. తెలంగాణలో ఇలాంటి పిల్లలు చాలామంది చివరికి బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్), రాష్ట్ర ప్రభుత్వ పెద్ద ఉద్యోగాల పరీక్ష గ్రూప్-1 మధ్య ఊగిసలాడతారు. ఎంబీఏ కూడా ఉంది గానీ, పాత ఐఐఎంలలో ఫీజే 20 లక్షలు దాటింది. కొన్నాళ్లు ఉద్యోగం చేశాకే అటు చూడటం మంచిదని నా అభిప్రాయం.

ప్రభుత్వ బ్యాంకుల నియామకాలకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే పీవో ప్రిలిమ్స్ (తొలి వడపోత) గంట పరీక్ష. ఇంగ్లిష్, క్వాంట్, రీజనింగ్ కలిపి 100 ప్రశ్నలు, తప్పుకు పావు వంతు కోత. ఎంసెట్ రాసినవాళ్లకు ఆ లెక్కలు బెదురు పుట్టించవు, వేగం అలవాటు కావాలంతే. నోటిఫికేషన్ ఏటా వస్తుంది. మూల వేతనం 48,480 రూపాయలు, డీఏ, ఇతర అలవెన్సులు అదనం. ఇక్కడ పోయినా ఆ చదువు ఎస్‌బీఐకి, గ్రామీణ బ్యాంకులకు, చాలావరకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్షకూ పనికొస్తుంది. కష్టాలూ ఉన్నాయి: దూరపు బదిలీలు, టార్గెట్లు, పొద్దుపోయేదాకా బ్రాంచిలోనే.

గ్రూప్-1 సంగతి వేరు. డిప్యూటీ కలెక్టరో డీఎస్పీయో అయితే చేయగలిగే మేలుకు బ్యాంకు కుర్చీ సాటి రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మెయిన్స్‌లో సైన్స్ అండ్ టెక్నాలజీ, డేటా ఇంటర్‌ప్రెటేషన్ పేపర్ ఇంజినీర్లకు కలిసొస్తుంది. చరిత్ర, పాలిటీ, తెలంగాణ ఉద్యమం మాత్రం మొదటి నుంచీ చదవాల్సిందే.

అయితే నన్ను భయపెట్టేది సిలబస్ కాదు, కాలం. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రిలిమ్స్ పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, మెయిన్స్ ఆ అక్టోబరులో జరిగాయి. ఇన్నేళ్లూ హైదరాబాద్‌లో కోచింగ్‌లకు పేరున్న అశోక్‌నగర్ గదుల్లో అద్దె కడుతూ, ఇంటి నుంచి డబ్బు అడగలేక నలిగిపోయిన పిల్లల తప్పేముంది? ఆడపిల్లలకైతే ఈలోగా ఇంట్లో పెళ్లి మాటలు మొదలవుతాయి.

అందుకే నా ఓటు ముందు బ్యాంకుకే. ఇంకో కారణం వయసు. పీవోకు జనరల్ అభ్యర్థులు 30 దాటకూడదు. 2024 గ్రూప్-1కు గరిష్ఠ వయసు 46, యూనిఫాం పోస్టులకే తక్కువ. ముందు మూసుకుపోయే తలుపు బ్యాంకుదే. ఉద్యోగం చేస్తూ చదివితే గెలవలేమనుకోకండి. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ ఇంజినీరే. ఐఆర్‌ఎస్‌లో (కేంద్ర రెవెన్యూ సర్వీసు) పనిచేస్తూనే 2017 సివిల్స్‌లో, అయిదో ప్రయత్నంలో, దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు.

అప్పు చేయకుండా మూడేళ్లు పోషించగల ఇల్లు, అందుకు అమ్మానాన్నల మనస్ఫూర్తి ఒప్పుకోలు ఉంటే మాత్రం నేరుగా గ్రూప్-1కే కూర్చోండి.