విజయన్ దారి, భూటియా దారి: ఫార్వర్డ్‌కు ఏది మేలు?

భారత ఫుట్‌బాలర్లు ఐ.ఎం. విజయన్, బైచుంగ్ భూటియా ఇద్దరిలో ఎవరు గొప్ప ఫార్వర్డ్, అంటే ముందు వరుసలో ఉండి గోల్స్ కొట్టే ఆటగాడు, అని అడిగితే క్షణం తడుముకోకుండా విజయన్ పేరే చెబుతాను. ఫుట్‌బాల్‌నే నమ్ముకోవాలనుకుంటున్న పద్నాలుగేళ్ల కుర్రాడు ఎవరి బాటలో నడవాలి అని అడిగితే మాత్రం నా జవాబు వేరు. ఈ రెండు ప్రశ్నలనూ ఒకటే అనుకోవడం వల్ల అభిమానుల మధ్య ఈ వాదన ఏళ్ల తరబడి తెగకుండా సాగుతోంది.

విజయన్ 1969లో త్రిశూర్‌లో పుట్టాడు. అక్కడి మున్సిపల్ స్టేడియంలో మ్యాచ్‌లు జరిగే రోజుల్లో సోడాలు అమ్మేవాడు. సీసాకు దక్కేది పది పైసలు. చేతిలో సీసాలతో జనం మధ్య తిరుగుతూ ఆట చూసిన ఆ పిల్లవాణ్ని పదిహేడో ఏట కేరళ పోలీసు జట్టు తీసుకుంది. పేదింటికి ఆ పిలుపు ఎంత విలువైనదో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు కథలు విన్న మనకు వేరే చెప్పనక్కరలేదు. బంతి తన్నితే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే నెలనెలా జీతం, ఇంటికి ఒక ఆధారం. 1990లో ఆ జట్టు దేశవాళీ టోర్నీ అయిన ఫెడరేషన్ కప్ గెలిచాక అతను కోల్‌కతా బాట పట్టాడు. అక్కడి మోహన్ బగాన్ క్లబ్‌కు ఆడాడు, పంజాబ్‌లో జేసీటీ క్లబ్‌కు ఆడాడు, సొంత రాష్ట్రంలో ఎఫ్‌సీ కొచ్చిన్‌కు ఆడాడు. దేశంలో ఏటా ఒక్కరికి ఇచ్చే ఉత్తమ ఆటగాడి పురస్కారం మూడుసార్లు అతనికే వచ్చింది. 1999లో కాఠ్‌మాండూలో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో భూటాన్ మీద అతను కొట్టిన గోల్‌కు పట్టిన సమయం 12 సెకన్లు. రిఫరీ ఈల ఊదాక గోడ గడియారంలో సెకన్ల ముల్లు మూడో అంకె దాటకముందే బంతి వలలో ఉంది. వచ్చిన బంతిని ఆపి, చూసి, ఆలోచించి కొట్టే ఆటగాళ్లు చాలామంది ఉంటారు. విజయన్ దగ్గర ఆ మూడు పనులూ ఒక్క తాకుడులో అయిపోయేవి.

భూటియాకు అంతటి వరం లేదు. అతనికున్నది వదలని పట్టుదల. దక్షిణ సిక్కింలోని తింకితంలో 1976లో పుట్టాడు, తొమ్మిదేళ్లకే క్రీడా స్కాలర్‌షిప్ మీద గాంగ్‌టక్ చేరాడు, పదహారేళ్లకు చదువు పక్కన పెట్టి కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. విజయన్, భూటియా ఇద్దరూ కలిసి ఆడిన జేసీటీయే 1996-97లో మొదటి జాతీయ లీగ్ గెలిచింది. మరుసటి జూలైలో, 1997 జూలై 13న, ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ చూడటానికి కోల్‌కతాలోని సాల్ట్ లేక్ స్టేడియానికి 1,31,000 మంది వచ్చారు. ఈస్ట్ బెంగాల్ 4-1తో మోహన్ బగాన్‌ను ఓడించింది. అందులో మూడు గోల్స్ ఈస్ట్ బెంగాల్‌కు తిరిగివచ్చిన భూటియావి. అప్పటికి అతనికి ఇరవై ఒకటి కూడా నిండలేదు.

నేను అతణ్ని ఎన్నుకోవడానికి కారణం ఆ హ్యాట్రిక్ కాదు, రెండేళ్ల తర్వాత అతను చేసిన పని. కోల్‌కతాలో అతను రాజులా బతకగలడు. ఆ హోదాను వదిలి 1999లో ఇంగ్లండ్ వెళ్లి, అప్పట్లో అక్కడి మూడో అంచె లీగ్‌లో ఆడే బరీ అనే చిన్న క్లబ్‌లో చేరాడు. ఆ క్లబ్ మైదానం గిగ్ లేన్‌ను పదింతలు చేసినా సాల్ట్ లేక్‌కు ఆ రోజు వచ్చిన జనం పట్టరు. మోకాలి గాయాలు వేధించాయి. మూడు సీజన్లలో 37 లీగ్ మ్యాచ్‌లు ఆడి 3 గోల్స్ చేశాడు. ఈ అంకెలు చూపించి అది విఫల యాత్ర అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. చలిలో, బురదలో, తనకంటే బరువైన డిఫెండర్ల మధ్య రోజూ సాధన చేసినవాడు తిరిగివచ్చాక భారత జట్టుకు ఏమిచ్చాడో చూడాలి.

దానికి హైదరాబాదే సాక్షి. 2008 ఆగస్టులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఛాలెంజ్ కప్ ఇక్కడ జరిగింది. తుర్క్‌మెనిస్తాన్ మీద భారత్ 2-1తో గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్‌నూ కెప్టెన్ భూటియాయే కొట్టాడు. వానలు మైదానాన్ని ముంచెత్తడంతో ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ తజికిస్తాన్‌ను 4-1తో ఓడించారు. హ్యాట్రిక్ చేసింది సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ, నాలుగో గోల్ భూటియాది. ఆ కప్పు వల్లే 1984 తర్వాత మళ్లీ 2011లో ఆసియా కప్ ఆడగలిగాం. గాయంతో ఉన్న భూటియా దోహాలో దక్షిణ కొరియా మీద చివర్లో కొద్ది నిమిషాలే మైదానంలోకి దిగాడు. అదే ఏడాది అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పాడు.

మైదానం బయట కూడా అతను ఊరికే కూర్చోలేదు. 2006లో ఆటగాళ్ల సంఘం పెట్టాడు, తర్వాత పిల్లలకు ఫుట్‌బాల్ పాఠశాలలు తెరిచాడు. 2008లో టిబెట్ ప్రజలకు మద్దతుగా బీజింగ్ ఒలింపిక్ జ్యోతిని మోయనన్నాడు. ఎన్నికల్లో మాత్రం ఎప్పుడూ కలిసిరాలేదు. 2022లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్ష పదవికి పోటీ చేస్తే వచ్చింది ఒక్క ఓటు, ప్రత్యర్థికి 33. దేశానికి అంత ఆడినవాడికి ఒక్క ఓటా అని ఆ రోజు నాకు నిజంగా కడుపు మండింది.

విజయన్ తిరిగి కేరళ పోలీసులోనే చేరి అక్కడే పదవీ విరమణ చేశాడు. మధ్యలో మలయాళ సినిమాల్లో నటించాడు. ఆ ఉద్యోగ భద్రతను నేను తక్కువ చేయను. ఇంట్లో ఇబ్బంది ఉన్న కుర్రాడికి పోలీసు లాంటి ప్రభుత్వ శాఖ జట్టు నుంచి పిలుపు వస్తే ముందు వెళ్లి చేరమనే చెబుతాను. చేరాక అక్కడే ఆగిపోవద్దని కూడా చెబుతాను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లలోపు తనకంటే గట్టివాళ్లు ఆడే చోటికి, బెంచి మీద కూర్చోవలసి వచ్చినా సరే, వెళ్లి తీరాలి. అందుకే దారి వరకు నా ఓటు భూటియాకు.

ఇది రాస్తున్నంతసేపూ నన్ను తొలుస్తున్న విషయం ఒకటుంది. 2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. సెమీస్‌లో జింబాబ్వేను 5-3తో ఓడించిన భారత్ ఫైనల్‌లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడి రజతంతో సరిపెట్టుకుంది. ఆ టోర్నీలో నాలుగు గోల్స్‌తో అందరికంటే ముందున్నవాడు విజయన్. అప్పటికి అతనికి 34 ఏళ్లు, దేశం తరఫున అదే చివరి టోర్నీ. పద్మశ్రీ రావడానికి అతనికి ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పట్టింది, 2025లో వచ్చింది. బరీ క్లబ్ ఒప్పందం మీద సంతకం చేసేనాటికి భూటియాకు 22 ఏళ్లు. ఆ ఏడాది విజయన్‌కు 30 నిండాయి.