టెలిస్కోప్ పక్కన ఏ గడియారం మేలు: స్టెల్లేరియమా, చిన్న క్లాక్ ప్రోగ్రామా?

కంప్యూటర్‌లో ఆకాశాన్ని చూపించే ప్రోగ్రామ్ స్టెల్లేరియం ఉండగా మళ్లీ వేరే గడియారం ప్రోగ్రామ్ ఎందుకు అంటారు చాలామంది. నిజమే, పైసా ఖర్చు లేదు, ఆకాశమంతా కళ్లముందుంటుంది, ఎఫ్5 నొక్కితే జూలియన్ డే (నెలలు, సంవత్సరాలు లేకుండా వరసగా లెక్కపెట్టే రోజుల సంఖ్య) కనిపిస్తుంది, ఏ నక్షత్రం మీద క్లిక్ చేసినా సైడీరియల్ టైమ్ (నక్షత్రాల కదలికని బట్టి నడిచే టైమ్), అవర్ యాంగిల్ (ఆ నక్షత్రం తన అత్యంత ఎత్తుకి ఎంత దూరంలో ఉందో చెప్పే లెక్క) వచ్చేస్తాయి. ఇంట్లో కూర్చుని రాత్రికి ఏం చూడాలో ప్లాన్ వేసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ టెలిస్కోప్ దగ్గర టైమ్ చూసుకోవడానికి మాత్రం నా ఓటు చిన్న క్లాక్ ప్రోగ్రామ్‌కే.

స్టెల్లేరియంలో కాలాన్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు, అదే చిక్కు. చీకట్లో పొరపాటున ఎల్ కీకి వేలు తగిలిందంటే టైమ్ పరుగెడుతుంది. కె నొక్కితే వేగం మామూలవుతుంది గానీ అప్పటికే వచ్చిన తేడా అలాగే ఉండిపోతుంది, 8 నొక్కితేనే మళ్లీ అసలు టైమ్‌కి వస్తుంది. ఇది గమనించకుండా నోట్‌బుక్‌లో రాసుకున్న టైమ్‌లు ఎందుకూ పనికిరావు. చిన్న క్లాక్‌లో జరపడానికి ఏమీ ఉండదు. మన టైమ్, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ, లోకల్ సైడీరియల్ టైమ్, జూలియన్ డేట్, నాలుగే వరుసలు, నల్లటి తెర మీద పెద్ద ఎర్రంకెల్లో. పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. ఎరుపు రంగు లేని ప్రోగ్రామ్ అయితే వద్దే వద్దు, చీకటికి అలవాటుపడటానికి కళ్లకి అరగంట పడుతుంది, తెల్లటి తెర ఒక్క క్షణంలో దాన్ని పాడుచేస్తుంది.

సైడీరియల్ టైమ్‌తో పనేంటి అంటే, ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపునే తీసుకోండి. దాని ఆర్‌ఏ (ఆకాశంలో రేఖాంశం లాంటి లెక్క) 13 గంటల 27 నిమిషాలు. క్లాక్‌లో సైడీరియల్ టైమ్ 13:27 చూపించినప్పుడు అది సరిగ్గా దక్షిణాన, విశాఖ నుంచి అత్యంత ఎత్తులో ఉంటుంది, ఏప్రిల్ చివర్లో అయితే రాత్రి 11 ప్రాంతంలో. ఆ అత్యంత ఎత్తు కూడా 25 డిగ్రీలే, పైగా సముద్రం మీది తేమ, పోర్టు లైట్లు, అందుకే ఆ సమయాన్ని వదులుకోకూడదు.

వేరియబుల్ స్టార్లు, అంటే వెలుగు మారుతుండే నక్షత్రాలు చూసేవాళ్లకి జూలియన్ డేట్ ఇంకా ముఖ్యం. అది యూటీసీ మధ్యాహ్నం 12కి, అంటే మనకి సాయంత్రం 5:30కి మారుతుంది కాబట్టి రాత్రంతా ఒకే నంబరు కింద రాసుకోవచ్చు.

ఫోన్ యాప్ సంగతంటారా, మధ్యలో వాట్సాప్ మెసేజ్ వచ్చి తెర వెలిగితే చాలు, మొదటికొస్తుంది. వెబ్‌పేజీ క్లాక్‌లు అరకు వైపు సిగ్నల్ లేని చోట తెరుచుకోవు.

ఏది వాడినా అది చూపించేది కంప్యూటర్ గడియారాన్నే. విశాఖలో ఈ టైమ్ పట్టింపు కొత్తదేం కాదు, 1840లో గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో పెట్టిన అబ్జర్వేటరీ నుంచి అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూశారు, ఆ పరిశీలనకి ప్రాణమే టైమింగ్. మనకి అంత కష్టం లేదు, బయల్దేరే ముందు ఇంటర్నెట్‌తో సింక్ చేసుకుంటే చాలు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్ టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్ ఉంది. చంద్రుడి వెనక నక్షత్రం మాయమయ్యే క్షణాన్ని పట్టాలంటే సెకనులో పదో వంతూ లెక్కకొస్తుంది, అప్పుడు ఈ పని తప్పనిసరి.

తర్వాత రెండు ప్రోగ్రాములూ ఒకసారి పక్కపక్కన తెరవండి. సైడీరియల్ టైమ్‌లో 19 నిమిషాల తేడా ఉంటే ఏదో ఒకదాంట్లో ఊరు హైదరాబాద్ అని ఉన్నట్టే, విశాఖ రేఖాంశం 83.3 అని మార్చండి. తేడా దాదాపు 11 గంటలుంటే తూర్పుకి మైనస్ పెట్టాలా ప్లస్సా అన్నది తారుమారైంది, కొన్ని ప్రోగ్రాములు తూర్పు రేఖాంశాన్ని మైనస్‌లో అడుగుతాయి. సెకను అటూఇటూగా రెండూ కలిస్తే స్టెల్లేరియం మూసేసి చిన్న క్లాక్‌తోనే మేడెక్కండి.