ఫేస్‌లిఫ్ట్‌తో పాటే ఫ్యాట్ గ్రాఫ్టింగ్: ఎవరికి తగినది, ఎక్కడ జాగ్రత్త పడాలి

అరవై ఏళ్లకు దగ్గరపడిన మా అక్కయ్య హైదరాబాదులోని ఒక ప్లాస్టిక్ సర్జరీ ఆసుపత్రిలో జారిన ముఖాన్ని పైకి బిగించే ఫేస్‌లిఫ్ట్‌నూ, ముఖంలో కొవ్వు నింపే ఫ్యాట్ గ్రాఫ్టింగ్‌నూ ఒకే ఆపరేషన్‌లో చేయించుకుంది. మొదటి సంప్రదింపు నుంచి కుట్లు విప్పేవరకు, ఆ తరువాతి పరీక్షలకు కూడా నేను వెంటే ఉన్నాను కాబట్టి, ఇదే ఆలోచనలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. చర్మం జారడంతో పాటు బుగ్గలూ కణతలూ గుంటలు పడినవారికి ఈ రెండూ కలిపి చేయడం మంచి చికిత్స అని నా అభిప్రాయం. రెండింటిలో ఒక్క సమస్యే ఉన్నవారికి రెండో చికిత్స అవసరం లేదు.

ఆ ఆసుపత్రిలో నాకు అన్నిటికంటే నచ్చింది సర్జన్ గారు మొదటి రోజు ఇచ్చిన సమయం. పాతికేళ్ల వయసు నాటి ఫోటోలు తెమ్మని ముందుగానే చెప్పించారు. అక్కయ్య చేతికి అద్దం ఇచ్చి, కూర్చుని ఒకసారి, వెల్లకిలా పడుకుని ఒకసారి ముఖం చూసుకోమన్నారు. పడుకున్నప్పుడు దవడ దగ్గర వేలాడే చర్మం వెనక్కి సర్దుకుంది గాని, కళ్ల కింది గుంట, కణతల లోతు అలాగే ఉన్నాయి. "జారినదాన్ని పైకి తీసుకురాగలను అమ్మా, తగ్గిపోయినదాన్ని మాత్రం నింపాల్సిందే" అన్నారాయన. 2007లో అమెరికా సర్జన్లు రోరిచ్, పెస్సా ముఖంలోని కొవ్వు ఒకే పొరగా కాక వేరువేరు గదులుగా ఉంటుందని చూపించిన తరువాత, ఏ గదిలో కొవ్వు తగ్గిందో గుర్తించి అక్కడే నింపే పద్ధతి బలపడింది. లోపల ఖాళీ అయిన బుగ్గ మీద చర్మాన్ని లాగి కుడితే ముఖం పీక్కుపోయినట్టు కనిపిస్తుంది; జారిన ముఖంలో కొవ్వు మాత్రమే నింపుకుంటూ పోతే ఉబ్బినట్టు కనిపిస్తుంది.

ఆపరేషన్ ఉదయం అక్కయ్యను కూర్చోబెట్టి ఊదారంగు మార్కరుతో గీతలు గీశారు, పడుకుంటే ముఖం ఆకారం మారిపోతుంది కాబట్టి. పూర్తి మత్తు ఇచ్చాక ముందుగా పొట్ట నుంచి కొవ్వు తీశారు. సిరంజిని సెంట్రిఫ్యూజ్ అనే వేగంగా తిరిగే యంత్రంలో తిప్పాక అది మూడు పొరలుగా విడిపోతుంది: పైన నూనె, అడుగున రక్తం కలిసిన నీరు, మధ్యలో పసుపుపచ్చని కొవ్వు. ఆ మధ్య పొరనే మొద్దు మొన ఉన్న కాన్యులా అనే సన్నని గొట్టంతో, దాన్ని వెనక్కి లాగుతూ, ఒక్కో చోట మిల్లీలీటరులో పదోవంతుకు మించకుండా, పలు లోతుల్లో వదులుతారు. 1893లో జర్మనీలో నాయ్‌బర్ అనే సర్జన్ కొవ్వు ముక్కను ముఖంలో అమర్చినప్పటి నుంచి ఈ ఆలోచన ఉన్నా, దాన్ని నమ్మదగిన పద్ధతిగా నిలబెట్టింది న్యూయార్క్ సర్జన్ సిడ్నీ కోల్మన్. ఒకేచోట ముద్దగా పెట్టిన కొవ్వుకు చుట్టూ రక్తనాళాలు అందక అది చచ్చిపోతుంది. అందుకే ఇంత ఓపిక. కొవ్వు పని ముగిశాకే ఫేస్‌లిఫ్ట్ మొదలుపెట్టారు. పొరలు విడదీయకముందు కొవ్వును అనుకున్న చోట పెట్టడం సులువని మా సర్జన్ గారి వివరణ. లిఫ్ట్ తరువాత నింపేవారూ ఉన్నారు. ఫేస్‌లిఫ్ట్‌లో బిగించేది చర్మాన్ని కాదు, దాని కింద స్మాస్ అనే దృఢమైన పొరను. దీన్ని 1976లో మిట్జ్, పెరోనీ అనే ఫ్రెంచి సర్జన్లు వర్ణించారు.

కోలుకునే కాలం గురించి ఆసుపత్రి సిబ్బంది చెప్పిన దాని మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. కౌన్సెలింగ్‌లో వారు చెప్పిన గడువు ఫేస్‌లిఫ్ట్ ఒక్కటే చేయించుకున్నవారికి సరిపోయేది. కొవ్వు కూడా నింపితే వాపు మరింత ఎక్కువగా, ఎక్కువ కాలం ఉంటుందని ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. మొదటి వారంలో అక్కయ్య కళ్లు సగమే తెరుచుకునేవి, బుగ్గల మీది కమిలిన రంగు మెడ మీదికి దిగింది. ఇవన్నీ మామూలేనని డ్యూటీ డాక్టరు ఫోనులో చెప్పేవరకు ఇంట్లో అందరం భయపడ్డాం. కుట్లు విప్పాక కూడా చెవి తమ్మెలు మొద్దుబారి ఉండి, కమ్మలు పెట్టుకుంటే ఉన్నాయో లేవో తెలిసేది కాదు. ఆ స్పర్శ నెలల మీద తిరిగి వచ్చింది.

డబ్బు విషయం. మొదట ఇచ్చిన అంచనా కాగితంలో జీఎస్టీ చేర్చలేదు. అందం కోసం చేసే శస్త్రచికిత్సకు వైద్యసేవల మినహాయింపు వర్తించదు, 18 శాతం పన్ను కట్టాలి. ఆరోగ్య బీమా కూడా రాదు. లక్షల్లో ఉండే బిల్లు మీద ఇది చిన్న మొత్తం కాదు కాబట్టి, పన్నుతో కలిపిన అంకెను రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ప్రమాదాల గురించి సర్జన్ గారు దాచకుండా చెప్పారు. ఫేస్‌లిఫ్ట్ తరువాత ఎక్కువగా వచ్చే చిక్కు చర్మం కింద రక్తం చేరడం. అది చాలావరకు మొదటి రోజులోనే బయటపడుతుంది, బీపీ అదుపులో లేనివారికి ముప్పు ఎక్కువ. అక్కయ్య బీపీ స్థిరపడేవరకు ఆయన తేదీ ఇవ్వకపోవడం నాకు ఎంతో నమ్మకం కలిగించింది. పొగతాగేవారికి చర్మం మానక నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వారాల ముందే ఆ అలవాటు మానాలి. కొవ్వు పొరపాటున రక్తనాళంలోకి వెళితే చూపే పోవచ్చు. ఇది చాలా అరుదే అయినా మొద్దు కాన్యులా వాడేది ఇందుకే. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గాని డీఎన్‌బీ గాని చదివిన సర్జన్, ప్రత్యేకంగా మత్తు డాక్టరు, రాత్రి ఆసుపత్రిలోనే ఉంచే ఏర్పాటు, ఈ మూడూ లేని చోట ఈ ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దని నా గట్టి మాట.

ఆరు నెలల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే దవడ గీత, మెడ స్పష్టంగా బాగుపడ్డాయి, ముఖం అక్కయ్యదిగానే ఉంది. నింపిన కొవ్వులో కొంత భాగం మొదటి నెలల్లో కరిగిపోవడం సహజం, ఎంత నిలుస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అక్కయ్యకు కుడి కణత దగ్గర ఎడమ వైపు కన్నా తక్కువ నిలిచింది. కావాలంటే ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చి మరికొంత కొవ్వు నింపవచ్చని సర్జన్ గారు చెప్పారు గాని, జుట్టు పక్కన ఉన్న ఆ తేడా తనకు అభ్యంతరం కాదని అక్కయ్య వద్దంది.