ఊరూపేరూ లేని ఫెర్రైట్ రింగులు, నానోవీఎన్‌ఏ-హెచ్4: చాలాకాలం వాడాక

విజయవాడ రిపేరు షాపుల్లో పక్కన పడేసిన ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డులు ఊడదీస్తే ఫెర్రైట్ రింగులు బోలెడు దొరుకుతాయి. దేనిమీదా మెటీరియల్ నంబరుండదు. బాలన్‌కి (యాంటెన్నాని కేబుల్‌కి జతచేసే ట్రాన్స్‌ఫార్మర్) 43 కావాలా, ఫిల్టర్‌కి 61 కావాలా అన్నది మనకి తెలుసు. చేతిలో ఉన్నదేమిటో తెలియదు. ఈ పనికి హెచ్4 (ఫ్రీక్వెన్సీ మారుస్తూ ఇంపిడెన్స్ కొలిచే చిన్న నెట్‌వర్క్ ఎనలైజర్) పనికొస్తుందా అంటే, మెటీరియల్ కుటుంబం వరకు బాగా చెబుతుంది. నంబరు మనమే తేల్చుకోవాలి.

హెచ్4ని ఆన్ చేయకముందే సగం పని మల్టీమీటరుతో అయిపోతుంది. పెయింటు లేని చోట ప్రోబులు గట్టిగా నొక్కండి. వేలల్లోనో, ఒకటి రెండు లక్షల ఓమ్‌లలోనో చూపిస్తే మాంగనీస్-జింక్ (31, 77 లాంటివి). మెగా ఓమ్‌లు చూపినా, అసలేమీ చూపకపోయినా నికెల్-జింక్ (43, 61). ఫెర్రైట్ మీది రంగుని నమ్మొద్దు, అది ఇన్సులేషన్ కోసం వేసింది. రంగు కోడ్ ఐరన్ పౌడర్ రింగులకే: ఒళ్లంతా పసుపు, ఒక ముఖం తెలుపు అయితే 26 రకం, మ్యూ (పర్మియబిలిటీ, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కోర్ ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 75.

ఇక కొలత. 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ (కొలిచే ఫ్రీక్వెన్సీ పరిధి) పెట్టి, 101 పాయింట్లతో చూస్తే పాయింటుకీ పాయింటుకీ మధ్య 9 మెగాహెర్ట్జ్ దూరం. 43 అసలు సంగతంతా ఆ మొదటి సందులోనే జారిపోతుంది. 100 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్‌కి మార్చి, ఓపెన్, షార్ట్, లోడ్ క్యాలిబ్రేషన్ మళ్లీ చేయండి. కోర్ టంకం వేసే సాకెట్ దగ్గరే చేయాలి. లోడ్‌కి రెండు 100 ఓమ్‌ల 1 శాతం ఎస్‌ఎండీ రెసిస్టర్లు ప్యారలల్‌గా వేస్తే చాలు.

బయటి వ్యాసం 12.7, లోపలిది 7.15, ఎత్తు 4.9 మిల్లీమీటర్ల రింగు అనుకోండి. 5 చుట్లు వేస్తే 1 మెగాహెర్ట్జ్ దగ్గర రియాక్టెన్స్ (ఏసీకి కాయిల్ చూపే అడ్డు) 69 ఓమ్‌లు వచ్చింది. అంటే 11 మైక్రోహెన్రీలు. 25తో భాగిస్తే చుట్టు వర్గానికి 440 నానోహెన్రీలు. దీన్ని 0.2 × ఎత్తు × (బయటి వ్యాసం ÷ లోపలి వ్యాసం) సహజ లాగ్‌తో భాగిస్తే మ్యూ 780 చిల్లర. 43 మ్యూ 800, తయారీలోనే 20 శాతం అటూఇటూ ఉంటుంది కాబట్టి సరిపోయినట్టే. రంధ్రంలోంచి వైరు ఒక్కసారి దూరితే అది ఒక చుట్టు. 5 వేసి 4 అని లెక్కపెడితే జవాబు 56 శాతం ఎక్కువొస్తుంది. టంకం వేడి చల్లారాకే కొలవండి, వేడికి మ్యూ పెరుగుతుంది.

అసలు మోసం పగుళ్లది. పై రింగులోనే 0.1 మిల్లీమీటర్ల చీలిక ఉంటే మ్యూ 800 కాస్తా 220 దగ్గరికి పడిపోతుంది. 43ని పట్టుకుని 52 (మ్యూ 250) అనుకుంటాం. వేళ్లమీద వేలాడదీసి గోరుతో కొట్టి చూడండి, బాగున్నది ఖంగుమంటుంది.

పగులు అనుమానం లేకపోయినా రెండో సాక్ష్యం కావాలి: రెసిస్టెన్స్, రియాక్టెన్స్ గీతలు కలిసే చోటు. ఒకటి రెండు చుట్లే వేయండి, ఎక్కువైతే వైండింగ్ కెపాసిటెన్స్ వల్ల వచ్చే రెజొనెన్స్‌ని మెటీరియల్ గుణమనుకుంటాం. 43లో ఈ రెండూ కొన్ని మెగాహెర్ట్జ్‌ల్లోనే కలుస్తాయి. 61లో పదుల మెగాహెర్ట్జ్ దాకా ఆగాలి, దానికి స్వీప్ 100 మెగాహెర్ట్జ్‌కి పెంచి క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సిందే.

చోక్ (అనవసర ఆర్‌ఎఫ్ కరెంటుని అడ్డుకునే కాయిల్) పూర్తిగా చుట్టాక వేల ఓమ్‌లు కొలవాలంటే ఎస్11ని (ఒకే పోర్టుకి తిరిగొచ్చే సిగ్నల్ కొలత) నమ్మొద్దు. 500 ఓమ్‌లు దాటితే అంకెలు ఊగిపోతాయి. కోర్‌ని రెండు పోర్టుల మధ్య సిరీస్‌లో పెట్టి ఎస్21 (ఒక పోర్టు నుంచి రెండోదానికి దాటే సిగ్నల్ కొలత) తీసుకోండి; ఇంపిడెన్స్ = 100 × (1/ఎస్21 − 1). కంప్యూటర్‌లో నడిచే నానోవీఎన్‌ఏ-సేవర్ సాఫ్ట్‌వేర్ ఈ లెక్క తనే చేసిపెడుతుంది.

హెచ్4 సాకెట్లు అరగకుండా మొదటిరోజే రెండు అడాప్టర్లు బిగించి వదిలేయడం మేలు. 100 వాట్ల దగ్గర కోర్ ఎంత కాగుతుందో మాత్రం ఇది చెప్పదు, దాని సిగ్నల్ ఒక మిల్లీవాట్ కూడా ఉండదు. ఆ పరీక్ష ట్రాన్స్‌మిటర్ పెట్టి, చేత్తో తాకే ముందు ఆపి చేసుకోవాలి.