తొలగింపుల వేళ: సంఘం ఉన్నచోట, లేనిచోట

విశాఖలో గాజువాక వైపు కర్మాగారంలో పనిచేసే కార్మికునికీ, రుషికొండ ఐటీ కార్యాలయంలో కూర్చునే ఉద్యోగికీ ఉద్యోగం పోవడం ఒకే కష్టమైనా, అది వచ్చే తీరు వేరు. కార్మిక సంఘం లేనిచోట చాలాసార్లు ఒక మెయిల్, ఒక చిన్న సమావేశం, ఆపై "స్వచ్ఛందంగా" రాసిచ్చే రాజీనామాతో వ్యవహారం ముగుస్తుంది. స్వయంగా రాజీనామా చేసినవారిని చట్టం తొలగింపునకు గురైనవారిగా లెక్కించదు కనుక, పరిహారం అడిగే దారి అక్కడే ఇరుకవుతుంది. నైపుణ్యానికి గిరాకీ ఉన్నవారు మాత్రం సొంతంగా మాట్లాడుకుని త్వరగా బయటపడగలరు.

సంఘం ఉంటే ఆ సంతకానికి ముందే ప్రశ్నించే మనిషి ఉంటాడు. నెల నోటీసు, పూర్తయిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం అన్నవి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ నుంచి ఉన్నవే. అయినా లెక్క సరిచూసి, ఎగ్గొడితే కార్మిక శాఖ మెట్లెక్కేది ఎక్కువగా సంఘమే. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్, తొలగింపులకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమయ్యే సంస్థల పరిమితిని 100 మంది నుంచి 300కు పెంచాక ఈ అండ విలువ పెరిగిందని నా అభిప్రాయం.

లోపాలూ చిన్నవి కావు. చివర చేరినవారిని ముందు పంపాలన్న సూత్రం సీనియర్లను కాపాడి కుర్రవాళ్లను బలిపెడుతుంది. సమ్మె రోజుల జీతం పోతుంది. 2021లో విశాఖ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ నిర్ణయంపై సంఘాలు జెండాలు పక్కనపెట్టి ఒక్కటైనా, మామూలు రోజుల్లో వాటి పోటీ యాజమాన్యానికే కలిసివస్తుంది. అన్నిటికన్నా, పర్మినెంటు ఉద్యోగుల సంఘం కాంట్రాక్టు కార్మికుని పేరు తన జాబితాలో రాసుకోకపోతే, అతని స్థితి రుషికొండ ఉద్యోగి స్థితికన్నా హీనం.