డాలస్ తెలుగువాళ్ళకి హెచ్చరిక: లైసెన్స్ నంబర్ చూడకుండా కౌన్సెలింగ్ ప్యాకేజీ కొనకండి

"తెలుగులో కౌన్సెలింగ్, జూమ్‌లో, పది సెషన్లకి 1,100 డాలర్లు" అని మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. ఆ ప్యాకేజీ నేను కొన్నాను. అమ్మిన ఆవిడకి టెక్సస్‌లోనే కాదు, అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ కౌన్సెలర్ లైసెన్స్ లేదు. గట్టిగా అడిగాక ఆవిడే ఒప్పుకున్నారు. పేరు రాయడం లేదు. ఇలాంటి ప్రకటనలు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఒక్క పేరు తెలిస్తే సరిపోదు.

డెలివరీ అయ్యాక నాకు నిద్ర పట్టేది కాదు. పాప హాయిగా పడుకున్నా నాకు గుండె దడ. అత్తగారు అన్న చిన్న మాట ఎందుకంత గుచ్చుకుందో ఇంగ్లీషులో చెప్పాలంటే ముందు మన ఇళ్ళ సంగతంతా వివరించాలి. తెలుగు వచ్చిన కౌన్సెలర్ దొరికితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఆ అవసరాన్ని చూసే వీళ్ళు డబ్బు చేసుకుంటున్నారు. నాకు కోపం అక్కడే.

మొదట అనుమానం వచ్చింది రసీదు చూశాక. ఇన్సూరెన్స్‌కి పంపుదామని సూపర్‌బిల్ (క్లెయిమ్‌కి కావాల్సిన వివరాలన్నీ ఉండే బిల్లు) అడిగితే "వెల్‌నెస్ సెషన్స్" అని ఒక్క లైను రాసి పంపారు. లైసెన్స్ నంబర్ లేదు, డయాగ్నసిస్ కోడ్ లేదు, 90834, 90837 లాంటి థెరపీ కోడ్ కూడా లేదు. క్లెయిమ్ తిరిగొచ్చింది. అడిగితే పది అంకెల ఎన్‌పీఐ నంబర్ (వైద్య సేవల బిల్లింగ్‌లో వాడే గుర్తింపు నంబర్) పంపి "ఇదిగోండి, గవర్నమెంట్ ఇచ్చిందే" అన్నారు. ఎన్‌పీఐ లైసెన్స్ కాదు. వెల్‌నెస్ కోచ్‌లు కూడా అప్లై చేసి తెచ్చుకోవచ్చు.

అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. ఒక సెషన్‌లో నాకు ధైర్యం చెబుతూ, "మీ ఫ్రిస్కోలోనే ఒకావిడ ఉన్నారు, భర్త ఉద్యోగం పోయి ఇంట్లో రోజూ గొడవలే, ఆవిడే తట్టుకున్నారు" అన్నారు. పిల్లలు ఏ స్కూలో కూడా చెప్పారు. ఆవిడెవరో నాకు అప్పుడే అర్థమైంది. మరి నా సంగతులు ఎవరికి చెప్పారో!

లైసెన్స్ ఉన్న కౌన్సెలర్ ఇలా చేస్తే రాష్ట్ర బోర్డుకి ఫిర్యాదు చేయొచ్చు, లైసెన్స్ పోయే ప్రమాదం ఉంటుంది. అసలు లైసెన్సే లేనివాళ్ళకి ఆ భయం ఎక్కడిది?

ఇక్కడ కౌన్సెలర్లకి లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రాలే. 1976లో వర్జీనియా మొదలుపెట్టింది, చివరగా 2009లో కాలిఫోర్నియా చట్టం చేసింది. పేర్లు కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి: టెక్సస్‌లో ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్), న్యూయార్క్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ, కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీ. టెక్సస్‌లో పూర్తి ఎల్‌పీసీ కావాలంటే మాస్టర్స్ చదివి, పరీక్ష పాసై, సూపర్‌వైజర్ కింద 3,000 గంటలు పనిచేయాలి. అందులో 1,500 గంటలు నేరుగా క్లయింట్లతోనే. లైఫ్ కోచ్‌కి ఇవేవీ అక్కర్లేదు. కెరీర్ గురించో, టైం మేనేజ్‌మెంట్ గురించో అయితే కోచ్ దగ్గరికి వెళ్ళండి, తప్పులేదు. నిద్రలేమి, పానిక్, డిప్రెషన్‌కి మాత్రం వద్దు.

కాబట్టి డబ్బు కట్టకముందే లైసెన్స్ నంబర్, ఏ రాష్ట్రానిదో అడగండి. మీరు కూర్చుని మాట్లాడే రాష్ట్రంలో వాళ్ళకి లైసెన్స్ ఉండాలి. వాళ్ళు న్యూజెర్సీలో ఉండి మీరు టెక్సస్‌లో ప్లేనోలో ఉంటే న్యూజెర్సీ లైసెన్స్ ఒక్కటే చాలదు. టెక్సస్‌లో ఈ లైసెన్సులు చూసే బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సైట్‌లో పేరు కొట్టి వెతకండి, ఉచితమే, రెండు నిమిషాల పని. ఎల్‌పీసీ అసోసియేట్ అని కనిపిస్తే కంగారు పడకండి. వాళ్ళు సూపర్‌వైజర్ కింద పనిచేస్తున్న అసలైన లైసెన్స్‌దారులే, చాలాసార్లు ఫీజు కూడా తక్కువ. సూపర్‌వైజర్ పేరు అడగండి, చెప్పాలి. నంబర్ అడిగితే "ఇండియాలో పదేళ్ళ అనుభవం ఉందండీ" అని మాట దాటేస్తే అక్కడితో ఆపేయండి.

మొత్తం ప్యాకేజీకి ముందే కట్టమంటే అసలు వద్దు, సెషన్‌కి సెషన్ కట్టండి. నన్ను జెల్ (Zelle, బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు)లో పంపమన్నారు. ఇప్పుడు "నాన్ రిఫండబుల్" అంటున్నారు, బ్యాంకు ఏమీ చేయలేమంది. క్రెడిట్ కార్డు అయితే కనీసం డిస్ప్యూట్ వేయొచ్చు.

కొత్తగా తల్లులైనవాళ్ళు మంచి కౌన్సెలర్ దొరికేదాకా ఆగక్కర్లేదు. 1-833-852-6262 నేషనల్ మెటర్నల్ మెంటల్ హెల్త్ హాట్‌లైన్. ఉచితం, 24 గంటలూ ఎత్తుతారు, ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా అడగొచ్చు. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు వస్తుంటే మాత్రం వెంటనే 988కి (ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్ళకి సాయం చేసే హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి.